నాలుగు మీటర్ల ఇనుప కాలమ్‌కి ఏ సెక్షన్ తీసుకోవాలి? జాయిస్టు, హెచ్-సెక్షన్, ఛానెల్ బాక్సు, స్క్వేర్ పైపుల పోలిక

షెడ్డులో మెజనైన్ (నేలకూ కప్పుకూ మధ్య అదనపు అంతస్తు) వేసుకునేవాళ్లు, మేడ మీద ఇనుప కాలమ్‌లతో ఇంకో అంతస్తు లేపాలనుకునేవాళ్లు, ఆటోనగర్‌లలో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులు నడిపేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "కాలమ్‌కి జాయిస్టు వేద్దామా, పైపు వేద్దామా?" ప్రశ్న వెనకాలే సమాధానం కూడా వాళ్ల నోటే వస్తుంది: "జాయిస్టయితే బరువైన సరుకు కదండీ, గట్టిగా నిలబడుతుంది." ఇరవై ఏళ్లుగా స్టీల్ స్ట్రక్చర్లు డిజైన్ చేస్తున్నాను, సైటులో దగ్గరుండి నిలబెట్టిస్తున్నాను. ఆ మాట విన్నప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చూపించాలనిపిస్తుంది. ఇక్కడ చేసేది అదే. ఒకే ఎత్తు, నాలుగు రకాల సెక్షన్లు. ఏది ఎంత మోస్తుంది, ఎందుకు మోస్తుంది, ఎక్కడ ఏది తీసుకుంటే మంచిది అన్నది చూద్దాం.

ఇనుము నలగదు, పక్కకు తప్పుకుంటుంది

జానెడు కొబ్బరి ఈనె తీసుకుని బల్ల మీద నిలువుగా ఆన్చి, పైనుంచి వేలితో నొక్కండి. అది నలగదు, విరగదు. నడుము దగ్గర పక్కకు ఒంగి తప్పుకుంటుంది. అదే ఈనెను నాలుగో వంతుకు తుంచి నొక్కితే వేలికి గుచ్చుకుంటుంది గానీ ఒంగదు. పుల్ల అదే, పదార్థం అదే. మారింది పొడవొక్కటే. ఇనుప కాలమ్ కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. దీన్నే బక్లింగ్ అంటాం.

దీనికి మొదటి లెక్క కట్టినవాడు ఆయిలర్, 1744లో. ఆయన సూత్రంలో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఒంగే లోడు పొడవు వర్గానికి విలోమంగా ఉంటుంది. అంటే పొడవు రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. రెండోది, ఆ సూత్రంలో ఇనుము గ్రేడుకు చోటే లేదు. స్థితిస్థాపక గుణకం (లోడుకు ఇనుము ఎంత సాగుతుందో చెప్పే అంకె, గ్రేడుతో మారదు) ఉంటుంది, సెక్షన్ ఆకారం ఉంటుంది, పొడవు ఉంటుంది. ఇనుము మేలురకమా, మామూలు రకమా అన్నది ఎక్కడా కనబడదు. ఈ రెండో విషయానికి మళ్లీ వస్తాను, ఎందుకంటే జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది అక్కడే.

నిజమైన కాలమ్ ఆయిలర్ ఊహించినంత నిటారుగా ఉండదు. మిల్లు నుంచి వచ్చేటప్పుడే కొంచెం వంకర ఉంటుంది. వేడిగా రోల్ చేసిన సెక్షన్‌లో కొన్ని భాగాలు ముందు చల్లారి, కొన్ని వెనక చల్లారడం వల్ల లోపల ఒత్తిళ్లు మిగిలిపోతాయి. ఈ లోపాలను లెక్కలోకి తెచ్చేదే పెర్రీ–రాబర్ట్‌సన్ పద్ధతి. స్టీల్ కట్టడాలకు మన దేశంలో వాడే ఐఎస్ 800 కోడ్ 1984 కూర్పులో మర్చంట్–ర్యాంకిన్ సూత్రం ఉండేది. 2007 కూర్పులో దాని స్థానంలో పెర్రీ–రాబర్ట్‌సన్ వచ్చింది. సెక్షన్ ఆకారాన్ని, తయారైన తీరును బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు బక్లింగ్ కర్వ్‌లు ఇచ్చారు. లోపాల గుణకం ఏ కర్వ్‌కి 0.21, బీకి 0.34, సీకి 0.49, డీకి 0.76. సంఖ్య పెరిగేకొద్దీ కాలమ్ మోసే లోడు తగ్గుతుంది.

నాలుగు సెక్షన్లు, ఒకే ఎత్తు

మెజనైన్ కాలమ్ ఒకటి తీసుకుందాం. ఎత్తు 4 మీటర్లు. పైనా కిందా కదలకుండా పట్టి ఉంది గానీ తిరగడానికి వీలుంది, అంటే రెండు చివరలా పిన్ జాయింటు. మధ్యలో ఏ ఆసరా లేదు. బలాలు ఐఎస్ 800:2007 ప్రకారం, సెక్షన్ కొలతలు పాత స్టీల్ టేబుల్స్ ప్రకారం నేను కట్టినవి. మీకొచ్చే సరుకు మిల్లును బట్టి కొద్దిగా తేడా ఉండొచ్చు. పట్టికలో ఐఎస్‌ఎంబీ అంటే ఐ-ఆకారపు జాయిస్టు, ఐఎస్‌హెచ్‌బీ అంటే హెచ్-సెక్షన్, ఐఎస్‌ఎంసీ అంటే సీ-ఆకారపు ఛానెల్; పక్కనున్న అంకె దాని లోతు, మి.మీ.లలో. ఈ250, 310 అన్నవి ఇనుము బలాన్ని చెప్పే గ్రేడులు. ఆర్ విలువ అంటే ఇనుము సెక్షన్ మధ్య నుంచి ఎంత దూరంగా పరుచుకుని ఉందో చెప్పే కొలత, ఎక్కువైతే ఒంగడం కష్టం. పొడవును దానితో భాగిస్తే వచ్చేది స్లెండర్‌నెస్, అంటే కాలమ్ ఎంత సన్నగా పొడుగ్గా ఉందో చెప్పే అంకె. పది కిలోన్యూటన్లు దాదాపు ఒక టన్ను.

| సెక్షన్ | మీటరుకు బరువు | బలహీన దిశలో ఆర్ విలువ | స్లెండర్‌నెస్ | డిజైన్ లోడు |
|---|---|---|---|---|
| ఐఎస్‌ఎంబీ 300 జాయిస్టు, ఈ250 | 44.2 కిలోలు | 28.4 మి.మీ. | 141 | 400 కిలోన్యూటన్లు |
| ఐఎస్‌హెచ్‌బీ 200, ఈ250 | 37.3 కిలోలు | 45.1 మి.మీ. | 89 | 585 కిలోన్యూటన్లు |
| రెండు ఐఎస్‌ఎంసీ 150 ఛానెళ్ల బాక్సు, ఈ250 | 32.8 కిలోలు | 57.3 మి.మీ. | 70 | 635 కిలోన్యూటన్లు |
| 150×150×6 స్క్వేర్ పైపు, 310 గ్రేడు | సుమారు 26.4 కిలోలు | సుమారు 58 మి.మీ. | 68 | 650 కిలోన్యూటన్లు |

ఇవి భద్రత కోసం లోడును 1.5తో హెచ్చించిన తర్వాత సరిపోల్చాల్సిన అంకెలు. జాయిస్టు 400 అంటే రోజువారీగా దాని మీద పెట్టదగ్గది 27 టన్నుల దాకా మాత్రమే. పైగా లోడు సరిగ్గా నడిమధ్యలో దిగితేనే. బీమ్ ఒక పక్క నుంచే వచ్చి కూర్చుంటే వంపు కూడా తోడై, ఇంకా తగ్గుతుంది.

పట్టిక పైనుంచి కిందికి చదవండి. బరువు తగ్గుతూ పోతోంది, మోసే లోడు పెరుగుతూ పోతోంది. నాలుగు మీటర్ల జాయిస్టు కాలమ్ 177 కిలోలు తూగుతుంది, పైపు కాలమ్ 106 కిలోలు. పైపులో ప్రతి కిలో ఇనుమూ జాయిస్టులో కిలో చేసే పనికి రెండున్నర రెట్లకు పైగా చేస్తోంది. పైపుకి గ్రేడు ఎక్కువ వేసుకున్నావు కాబట్టే ఇలా వచ్చిందని ఎవరైనా అనొచ్చు. 240 గ్రేడు పైపుతో లెక్క కడితే 550 వస్తుంది. అప్పటికీ జాయిస్టు కంటే ఎక్కువే.

కారణం మూడో గడిలో ఉంది. జాయిస్టు బీమ్‌గా పనిచేయడానికి పుట్టిన ఆకారం. 300 మి.మీ. లోతు, 140 మి.మీ. వెడల్పు. నిలువు దిశలో దాని ఆర్ విలువ 123.7, అడ్డదిశలో 28.4. అంటే ఒక దిశలో పహిల్వాను, ఇంకో దిశలో బక్కప్రాణి. బీమ్‌గా పడుకోబెట్టినప్పుడు లోడు ఏ దిశలో వస్తుందో మనకు తెలుసు, బలమైన దిశను అటు తిప్పుతాం. కాలమ్‌గా నిలబెట్టినప్పుడు ఎటు ఒంగాలో మనం నిర్ణయించలేం. అది తనకు బలహీనమైన దిశనే వెతుక్కుంటుంది. మీరు డబ్బు పెట్టి కొన్న ఆ 123.7 అలాగే వృథాగా నిలబడి ఉంటుంది.

అందుకే కాలమ్ సెక్షన్ ఎంచేటప్పుడు స్టీల్ టేబుల్‌లో ముందు చూడాల్సింది తక్కువ ఆర్ విలువ ఉన్న గడి. బరువు గడి తర్వాత.

అయితే జాయిస్టు వద్దేవద్దా?

అలా కాదు. పై లెక్కలో నేనొక షరతు పెట్టాను: మధ్యలో ఏ ఆసరా లేదు. ఆ షరతు తీసేస్తే కథ మారిపోతుంది. అదే జాయిస్టును బలహీన దిశలో సరిగ్గా సగం ఎత్తున, అంటే 2 మీటర్ల దగ్గర, పక్కకు కదలకుండా ఒక అడ్డకమ్మీతో పట్టండి. బలహీన దిశలో పొడవు 2 మీటర్లవుతుంది, స్లెండర్‌నెస్ 141 నుంచి 70కి దిగుతుంది. మోసే లోడు 400 నుంచి దాదాపు 930 కిలోన్యూటన్లకు లేస్తుంది. కాలమ్‌లో ఒక్క గ్రాము ఇనుము కూడా కలపలేదు.

ఈ పోలికంతటిలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఏ సెక్షన్ అన్న ప్రశ్న కంటే ముందు, ఎక్కడ పట్టుకోగలం అన్న ప్రశ్న అడగాలి. గోడ పొడవునా గర్టులు (గోడ రేకులను పట్టే అడ్డకమ్మీలు) వచ్చే ఫ్యాక్టరీ షెడ్డులో, క్రాస్ బ్రేసింగ్ (ఎక్స్ ఆకారంలో వేసే ఐమూల కమ్మీలు) ఉన్న పైపు ర్యాకులో, బలహీన దిశలో కాలమ్‌ను పట్టుకునే కమ్మీలు ఎలాగూ ఉంటాయి. అక్కడ జాయిస్టు, లేదా ప్లేట్లతో వెల్డ్ చేసిన ఐ-సెక్షన్, చక్కటి ఎంపిక. బలమైన దిశ గాలికి, క్రేనుకు ఎదురు నిలుస్తుంది. బలహీన దిశను గర్టులు, బ్రేసింగు చూసుకుంటాయి. హాలు మధ్యలో ఒంటరిగా నిలబడే కాలమ్‌కి ఆ తోడు ఉండదు. అక్కడ పైపో బాక్సో కావాలి.

పట్టుకునే కమ్మీకి పెద్ద బలం అక్కర్లేదు. కాలమ్ లోడులో నూటికి రెండున్నర వంతును పక్కదిశలో ఆపగలిగేలా చూసుకోవడం ఆనవాయితీ. కానీ ఆ కమ్మీ రెండో చివర కదలని దానికి కట్టి ఉండాలి. ఆరు కాలమ్‌లను వరసగా ఒకదానికొకటి కమ్మీలతో కలిపి, చివర ఎక్కడా క్రాస్ బ్రేసింగ్ ఇవ్వకపోతే ఆరూ చేతులు పట్టుకుని ఒకే పక్కకు ఒంగుతాయి. ఇంకో జాగ్రత్త. గర్టు బయటి ఫ్లాంజినే, అంటే ఐ-ఆకారంలో బయటి రెక్కనే, పట్టుకుంటుంది, లోపలి ఫ్లాంజి విడిగా ఉంటుంది. కాలమ్‌లో వంపు కూడా ఉంటే లోపలి ఫ్లాంజికి గర్టు నుంచి చిన్న ఐమూల కమ్మీ ఇవ్వాలి.

ఒక గోడౌన్ అనుభవం చెబుతాను. జాయిస్టు కాలమ్‌ల మీద మెజనైన్, సగం ఎత్తున అడ్డకమ్మీలు, అన్నీ డ్రాయింగ్ ప్రకారమే కట్టారు. రెండేళ్ల తర్వాత ఫోర్క్‌లిఫ్టు తిరగడానికి అడ్డంగా ఉన్నాయని రెండు కమ్మీలు గ్యాస్ కట్టర్‌తో కోసేశారు. "అవి ఊరికే కట్టిన కమ్మీలే కదా, లోడంతా కాలమ్ మీదే కదా" అన్నది వాళ్ల ఆలోచన. వేరే పని మీద వెళ్లిన నాకు పైనుంచి కిందికి చూపు సారిస్తే ఒక కాలమ్ తేడాగా కనిపించింది. ఫ్లాంజి అంచు వెంట పైనుంచి కింది దాకా దారం బిగించి, మధ్యలో స్టీల్ స్కేలు పెట్టాం. దారానికీ ఇనుముకూ మధ్య 14 మి.మీ. సందు. 4 మీటర్ల కాలమ్‌కి పొడవులో వెయ్యో వంతు, అంటే 4 మి.మీ., దాటకూడదు. ఆ మధ్యాహ్నమే పైన ఉన్న సరుకంతా దింపించాం, కాలమ్ పక్కన ప్రాప్‌లు నిలిపాం, కమ్మీలు మళ్లీ వేయించాం. ఆ స్కేలు మీద 14 అన్న గీత నాకింకా కళ్లముందు కనిపిస్తుంది. అప్పటి నుంచి నా డ్రాయింగుల్లో అలాంటి ప్రతి కమ్మీ పక్కనా తెలుగులోనే రాయిస్తున్నాను: "ఇది తీస్తే కాలమ్ ఒంగుతుంది."

గ్రేడు పెంచితే సరిపోదా?

ఆయిలర్ సూత్రంలో గ్రేడుకు చోటు లేదన్నాను కదా. అదే 4 మీటర్ల ఐఎస్‌ఎంబీ 300 జాయిస్టును ఈ250కి బదులు ఈ350 ఇనుముతో తీసుకున్నామనుకోండి. ఇనుము బలం నూటికి 40 వంతులు పెరిగింది. కాలమ్ మోసే లోడు 400 నుంచి 420కి పెరిగింది, అంతే. నూటికి 5 వంతులు. పొడుగ్గా, సన్నగా ఉన్న కాలమ్ ఇనుము బలం దాకా వెళ్లకుండానే ఒంగిపోతుంది కాబట్టి ఆ బలానికి పని దొరకదు. అదే జాయిస్టును 2 మీటర్ల దగ్గర పట్టి ఉంచితే గ్రేడు పెంపు వల్ల 930 నుంచి 1140కి వెళ్తుంది, నూటికి 22 వంతుల లాభం.

దీన్నిబట్టి ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. స్లెండర్‌నెస్ 50కి లోపు ఉంటే గ్రేడు మీద పెట్టిన డబ్బు చాలావరకు తిరిగొస్తుంది. 70, 80 దగ్గర సగం వస్తుంది. 120 దాటితే ఈ350 కోసం అదనంగా ఇచ్చే ప్రతి రూపాయీ దాదాపు వృథా. ఆ డబ్బుతో వెడల్పైన సెక్షన్ కొనండి, లేదా ఒక బ్రేసింగ్ వేయండి.

హెచ్-సెక్షన్

ఐఎస్‌హెచ్‌బీ 200 ఎత్తూ వెడల్పూ సమానంగా ఉండే సెక్షన్. కాలమ్ కోసమే రూపొందించిన ఆకారం. జాయిస్టు కంటే 7 కిలోలు తక్కువ తూగి, 185 కిలోన్యూటన్లు ఎక్కువ మోసింది. బీమ్‌లను బోల్టులతో కలపాలంటే దీనంత అనువైనది ఇంకోటి లేదు. నాలుగు వైపులా చదునైన ముఖాలు, ఫ్లాంజిలకు లోపలి నుంచి స్పానర్ అందుతుంది.

దీనికో చిన్న లోటుంది. పొట్టిగా వెడల్పుగా ఉన్న సెక్షన్లలో ఫ్లాంజి కొసలు ముందే చల్లారిపోయి, లోపలి ఒత్తిళ్లు ఎక్కువగా మిగులుతాయి. అందుకే ఎత్తు-వెడల్పుల నిష్పత్తి 1.2 దాటని సెక్షన్లకు బలహీన దిశలో కోడ్ సీ కర్వ్ ఇచ్చింది. జాయిస్టుకు అదే దిశలో బీ కర్వ్. అసలు చిక్కు దొరకడంలో ఉంది. జాయిస్టు, ఛానెల్, యాంగ్లర్ (ఎల్-ఆకారపు సెక్షన్) దొరికినంత సులువుగా హెచ్‌బీ మన స్టాకు యార్డుల్లో దొరకదు. డ్రాయింగ్‌లో హెచ్‌బీ రాసేసి, సైటులో "అది లేదు, జాయిస్టు వేసేశాం, బరువు ఎక్కువే లెండి" అన్న మాట రాకుండా ముందే వాకబు చేసుకోవాలి. ఆ మార్పు ఎంత ప్రమాదమో పై పట్టికే చెబుతుంది.

ఛానెల్ బాక్సు: మన షాపుల సొంత కాలమ్

రెండు ఛానెళ్లు మూతికి మూతి ఆన్చి, రెండు సందుల్లోనూ వెల్డ్ చేస్తే నలుచదరపు గొట్టం తయారవుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా, హైదరాబాద్ జీడిమెట్లలో అడిగినా ఈ పని చేయని షాపు ఉండదు. సరుకు ఎప్పుడూ దొరుకుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారం రోల్ చేసే సెక్షన్లలో ఛానెళ్లు కూడా ఉన్నాయి. రెండు ఐఎస్‌ఎంసీ 150లు అలా కలిపితే కొలత 150 × 150 అవుతుంది. విడిగా ఒక్క ఛానెల్ బలహీన దిశలో ఆర్ విలువ 22.1 మాత్రమే, కలిపాక 57.3. ఇనుము సెక్షన్ మధ్యలో కాకుండా అంచుల్లో ఉండటం వల్ల వచ్చిన లాభం ఇది. నేను సీ కర్వ్ వేసి 635 కట్టాను, అంటే కఠినంగానే చూశాను.

దీని బలమంతా వెల్డింగ్ చేసే పద్ధతిలో ఉంటుంది. షాపులో ఒకసారి నిలబడి గమనించండి. వెల్డర్ ఛానెళ్లను పక్కపక్కన పడుకోబెట్టి, నాలుగైదు టాకాలు వేసి, పైనున్న సందును ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క బిగిన వెల్డ్ చేస్తాడు. తర్వాత తిప్పి రెండో వైపు మొదలుపెడతాడు. అప్పటికే మొదటి వైపు కుదించుకుపోయి, బాక్సు అరటికాయలా వంగి ఉంటుంది. రెండో వైపు వెల్డ్ ఆ వంపును కొంత వెనక్కి లాగుతుంది గానీ పూర్తిగా లాగదు. సరైన పద్ధతి ఏమిటంటే, రెండు వైపులా టాకాలు పూర్తి చేసి, జానెడు వెల్డ్ ఈ వైపు, జానెడు ఆ వైపు, మధ్య నుంచి కొసలకు పోతూ, తిప్పుతూ తిప్పుతూ చేయడం. సమయం ఎక్కువ పడుతుంది. వెల్డర్‌కి కూలి కాస్త ఎక్కువిచ్చి అయినా ఇలాగే చేయించండి. వంకరగా తయారైన బాక్సు మీద మీరు కట్టిన 635 ఉత్త కాగితం మీది అంకె అవుతుంది.

విడివిడి వెల్డులతో సరిపెడితే రెండు వెల్డుల మధ్య ఒక్కో ఛానెల్ ఒంటరిగా ఒంగకుండా దూరం తక్కువ ఉంచాలి. పైనా కిందా చివరల్లో మాత్రం పూర్తి వెల్డ్ ఉండాలి, లోడు రెండు ఛానెళ్లకూ సమానంగా దిగేది అక్కడే.

పైపు: లెక్కలో గెలిచేది, కొనేటప్పుడు జాగ్రత్త కోరేది

స్క్వేర్ పైపుకు అన్ని దిశలా ఒకే బలం. మెలి తిరగడానికి కూడా గట్టిగా ఎదురు నిలుస్తుంది. గుండ్రటి పైపు ఇంకా మెరుగు. అంతే ఇనుముతో, అంతే మందంతో గుండ్రటి పైపు చేస్తే ఆర్ విలువ స్క్వేర్ కంటే నూటికి 10 వంతులు ఎక్కువ వస్తుంది. కానీ గుండ్రటి ఒంటికి బీమ్ కలపాలంటే కొసను జీను ఆకారంలో కోయాలి, ఆ పని చేతికి సరిగ్గా రాదు. కాలమ్‌కి నాలుగు వైపుల నుంచీ బీమ్‌లు వస్తుంటే స్క్వేర్ పైపే సుఖం. పైన ఏమీ కలవని చోట, పందిరి కాలమ్ లాంటి వాటికి గుండ్రటిది తీసుకోండి.

రంగు ఖర్చు కూడా లెక్క వేయాలి. మీటరు జాయిస్టుకు దాదాపు 1.14 చదరపు మీటర్ల ఒళ్లు ఉంటుంది, 150 స్క్వేర్ పైపుకు సుమారు 0.58. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ప్రతి కొన్నేళ్లకూ రంగు వేయించేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. పైగా జాయిస్టు ఫ్లాంజి మూలల్లో దుమ్మూ తేమా చేరి అక్కడే తుప్పు మొదలవుతుంది. పైపు రెండు కొసలూ గాలి చొరకుండా ప్లేటుతో మూసేస్తే లోపలి నుంచి తుప్పు రాదు. జింకు పూత వేయించేటట్లయితే మాత్రం మూయకూడదు, గాలి పోవడానికి రంధ్రాలు ఉంచాలి. మూసిన గొట్టాన్ని కరిగిన జింకు తొట్టిలో ముంచితే లోపలి గాలి, తేమ వేడెక్కి అది బాంబులా పేలుతుంది.

కొనేటప్పుడు చూడాల్సింది మందం. 150 పైపు అని చెప్పి 6 మి.మీ. బదులు సన్నటిది వచ్చినా బయటి నుంచి కంటికి తెలియదు. వెర్నియర్ తీసుకెళ్లి కోసిన కొస దగ్గర కొలవండి. మందం మరీ తగ్గితే ఇంకో రకం బక్లింగ్ మొదలవుతుంది. కాలమ్ నిటారుగానే ఉండి, దాని గోడ సొట్టపడుతుంది. 310 గ్రేడు 150 స్క్వేర్ పైపులో 4 మి.మీ. మందం దాకా కోడ్ హద్దు లోపలే ఉంటాం. 3 మి.మీ. తీసుకుంటే హద్దు దాటుతాం, అప్పుడు పూర్తి సెక్షన్‌ను లెక్కలో పెట్టుకోవడానికి వీల్లేదు.

కాలమ్ కాకుండా ట్రస్సులో, బ్రేసింగులో వచ్చే చిన్న కమ్మీలకూ ఇదే న్యాయం. 75×75×6 యాంగ్లర్ మీటరుకు 6.8 కిలోలు, తక్కువ ఆర్ విలువ 14.6. దాదాపు అంతే తూగే 60×60×4 పైపుకు 22 పైనే. రెండున్నర మీటర్ల కమ్మీగా యాంగ్లర్ స్లెండర్‌నెస్ 171, కోడ్ అనుమతించే 180కి అంచున. పైగా యాంగ్లర్‌ను ఒక రెక్క ద్వారానే బోల్టు వేస్తాం కాబట్టి లోడు పక్కగా పడుతుంది. అయినా కరెంటు టవర్లు యాంగ్లర్లతోనే కడతారు. కొండ మీదకు భుజాన మోసుకెళ్లి బోల్టులతో బిగించవచ్చు, జింకు పూతా సులువు. అక్కడ ఆ ఎంపిక సరైనదే.

లేసింగ్ కాలమ్, క్యూబెక్ పాఠం

కాలమ్ ఎత్తు 8, 10 మీటర్లు దాటి, క్రేను లోడు లాంటిది వస్తే పై నాలుగూ చాలవు. అప్పుడు రెండు ఛానెళ్లనో జాయిస్టులనో దూరంగా నిలబెట్టి, మధ్యలో ఐమూలగా పట్టీలు వేసి కలుపుతారు. అదే లేసింగ్. తక్కువ ఇనుముతో ఎంత ఆర్ విలువ కావాలంటే అంత తెచ్చుకోవచ్చు. కానీ ఆ పట్టీలను కేవలం జత కట్టే తాళ్లలా చూస్తే ఏమవుతుందో 1907 ఆగస్టు 29న కెనడాలో, సెయింట్ లారెన్స్ నది మీద తెలిసింది.

క్యూబెక్ వంతెన స్పాన్‌ను 1600 అడుగుల నుంచి 1800 అడుగులకు పెంచారు. పెరిగిన సొంత బరువును సకాలంలో తిరిగి లెక్కించలేదు. కింది భాగంలో నొక్కుడు లోడు మోసే పెద్ద కడ్డీలు లేసింగ్‌తో కలిపిన విడివిడి ప్లేట్లు. వాటిలో ఒకటి ఆగస్టులో ముప్పావు అంగుళం వంగి కనిపించింది, రెండు వారాలు కూడా గడవకుండానే అది రెండుంబావు అంగుళాలైంది. సైటు ఇంజినీరు నార్మన్ మెక్‌లూర్ స్వయంగా న్యూయార్క్ వెళ్లి సలహా ఇంజినీరు థియోడర్ కూపర్‌కు చూపించాడు. పని ఆపాలన్న కబురు వంతెన దగ్గరకు అందేలోపే అది కూలిపోయింది. ఆ సమయంలో దాని మీద ఉన్న 86 మందిలో 75 మంది చనిపోయారు. విచారణలో తేలింది, ఆ కడ్డీల్లోని లేసింగ్ బలం చాలలేదని.

ఐఎస్ 800లో లేసింగ్‌కు ఉన్న నిబంధనలు అలాంటి ప్రమాదాలు రాకుండా చూసేందుకే. కాలమ్ లోడులో నూటికి 2.5 వంతుల అడ్డబలాన్ని పట్టీలు మోయాలి. పట్టీ వాలు 40 నుంచి 70 డిగ్రీల మధ్య ఉండాలి, పట్టీ స్లెండర్‌నెస్ 145 దాటకూడదు. రెండు పట్టీల మధ్య ఒంటరి ఛానెల్ స్లెండర్‌నెస్ 50నీ దాటకూడదు, మొత్తం కాలమ్ స్లెండర్‌నెస్‌లో 0.7 వంతునూ దాటకూడదు. మొత్తం స్లెండర్‌నెస్‌ను 5 శాతం పెంచి లెక్క కట్టాలి. ఐమూల పట్టీలకు బదులు అడ్డ ప్లేట్లు వేసే బ్యాటెన్ కాలమ్‌కైతే 10 శాతం, అది లేసింగ్ కంటే సాగుడు ఎక్కువ కాబట్టి. చూడ్డానికి బ్యాటెన్ శుభ్రంగా ఉంటుంది. లోడు నిఖార్సుగా నడిమధ్యలో దిగే చోటే దాన్ని వాడండి. వంపు ఉన్న చోట లేసింగే.

బేస్ ప్లేటు కింద ఏముందో చూడకుండా అంకెలు నమ్మొద్దు

రెండు చివరలా పిన్ అనుకుని లెక్క కట్టాం. కోడ్ ప్రకారం కింద పూర్తిగా బిగిసి, పైన పిన్ అయితే లెక్కలో పొడవు 0.8 రెట్లు, రెండు వైపులా బిగిస్తే 0.65 రెట్లు తీసుకోవచ్చు. ఆ రాయితీ తీసుకునే ముందు బేస్ దగ్గర కూర్చుని చూడండి. సన్నటి బేస్ ప్లేటు, కాలమ్ నీడలోనే నాలుగు బోల్టులు ఉంటే అది బిగింపు కాదు. కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి నేలలో చిన్న ఫుటింగు ఎండాకాలం ఒకలా, వానాకాలం ఒకలా కదులుతుంది. దాని మీది బేస్‌ను బిగింపు అనడం సాహసం. అనుమానముంటే 1.0 తీసుకోండి.

ఇంతకంటే పెద్ద పొరపాటు వేరే ఉంది. పైభాగం పక్కకు కదలదు అనుకోవడం. గోడలూ బ్రేసింగూ లేని కారు షెడ్డులో కాలమ్ కింద మాత్రమే బిగిసి, పైన ఊగుతుంటే లెక్కలో పొడవు రెట్టింపు, 8 మీటర్లు. అప్పుడు 650 మోసిన మన స్క్వేర్ పైపు 260కి పడిపోతుంది. జాయిస్టుకైతే బలహీన దిశలో స్లెండర్‌నెస్ 280 దాటుతుంది, కోడ్ హద్దు 180 కాబట్టి అది ఎంపికలోనే ఉండదు. అలాంటి చోట పైపు తప్ప వేరే మాట వద్దు, లేదా రెండు దిశలా క్రాస్ బ్రేసింగ్ వేసి 4 మీటర్ల లెక్కకు తిరిగి రండి.

నా సొంత పనుల్లో ఒంటరి కాలమ్ అయితే స్క్వేర్ పైపు, మందం నమ్మకంగా దొరకని ఊళ్లో ఛానెల్ బాక్సు, అన్ని జాయింట్లూ బోల్టులైతే హెచ్-సెక్షన్, గర్టులూ బ్రేసింగూ ఉన్న షెడ్డు గోడ వరసలో జాయిస్టు. ఏది తీసుకున్నా క్రేనుతో లేపే ముందు నేల మీద పడుకోబెట్టి, రెండు ముఖాల వెంటా దారం లాగి స్కేలు పెట్టించండి. 4 మీటర్లకు 4 మి.మీ. దాటితే షాపుకి వెనక్కి పంపండి. నిలబెట్టాక నిటారుగా ఉందో లేదో చూసి, బేస్ కింద గ్రౌటు నింపాక మళ్లీ దారం లాగండి. పైన లోడు ఎక్కాక మూడోసారి లాగండి. రెండోసారికీ మూడోసారికీ మధ్య సందు పెరిగిందంటే ఆ కాలమ్ మీద ఇక ఒక్క బస్తా కూడా పెట్టనివ్వకండి.